నూటికి నాలుగు రూపాయల వడ్డీ: బెంగళూరులో చెయ్యి ఆపుకుంటూ కార్డు అప్పు తీర్చడం ఎలా

మన ఊళ్లో ఎవరైనా నూటికి నాలుగు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చాడని తెలిస్తే ఇంట్లోవాళ్లు నోరెళ్లబెడతారు. రూపాయి అంటే ధర్మవడ్డీ, రెండు రూపాయలంటే మామూలు, మూడంటే అవసరం గట్టిగా తరుముతోందని అర్థం. నాలుగంటే ఇక పొలం కాగితాల గురించి మాట్లాడుకోవడమే. మీ పర్సులో ఉన్న క్రెడిట్ కార్డు వడ్డీ సరిగ్గా అక్కడే ఉంది. బిల్లు పూర్తిగా కట్టకపోతే చాలా కార్డులు నెలకు 3 నుంచి 3.75 శాతం దాకా వడ్డీ వేస్తాయి. దాని మీద 18 శాతం జీఎస్టీ. మూడున్నర శాతం కార్డు అనుకుంటే పన్నుతో కలిపి నెలకు 4.13 శాతం. బ్యాంకు యాప్‌లో చిన్న అక్షరాల్లో ఉంటుంది కాబట్టి భయం వేయదు, అంతే.

మారతహళ్లిలోనో, బీటీఎంలోనో, ఎలక్ట్రానిక్ సిటీలోనో ఉంటూ, జీతం బాగానే వస్తూ, అప్పు తీర్చాలని నిజంగానే అనుకుంటూ, రాత్రి పదకొండింటికి మాత్రం వేలు ఆగక ఏదో ఒకటి ఆర్డర్ పెట్టేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. జీతమే సరిపోక అప్పు చేస్తున్నవాళ్ల సమస్య వేరు. వాళ్లకు ఖర్చు తగ్గించుకోమని చెప్పడం అన్యాయం.

మొదట: అప్పులన్నీ ఒక కాగితం మీద, ఊరి వడ్డీ లెక్కలో

ఫోన్‌లో కాదు, కాగితం మీద రాయండి. ఎవరికి ఎంత, నెలకు ఎంత కట్టాలి, వడ్డీ నూటికి ఎన్ని రూపాయలు. ఏడాది వడ్డీని 12తో భాగిస్తే చాలు. 15 శాతం పర్సనల్ లోన్ అంటే రూపాయి పావలా. 18 శాతం అంటే రూపాయిన్నర. కార్డు నాలుగు రూపాయలు. రూమ్మేట్ దగ్గర తీసుకున్న పదివేలు సున్నా వడ్డీ. అదీ రాయండి, మొహమాటంతో వదిలేయకండి. ‘తర్వాత కట్టండి’ అంటూ షాపింగ్ యాప్‌లు ఇచ్చే చిన్న చిన్న అప్పులు జనం మర్చిపోతుంటారు. అవీ రాయండి. ఏదైనా మర్చిపోయామేమో అనిపిస్తే క్రెడిట్ రిపోర్టు తీయండి. మన అప్పుల చరిత్ర నమోదు చేసే సిబిల్ లాంటి సంస్థలు ఒక్కొక్కటీ ఏడాదికోసారి పూర్తి రిపోర్టును ఉచితంగా ఇవ్వాలన్నది రిజర్వ్ బ్యాంకు నిబంధన. డబ్బులడిగే వెబ్‌సైట్ల జోలికి వెళ్లక్కర్లేదు.

ఇప్పుడు ఒక లెక్క చూడండి. కార్డు బాకీ 90,000, వడ్డీ పన్నుతో కలిపి నెలకు 4.13 శాతం, కొత్తగా ఒక్క రూపాయి కూడా గీకలేదు అనుకుందాం. మొదటి నెల వడ్డీయే 3,717. బిల్లులో కనీస మొత్తం కింద బాకీలో ఐదు శాతం అడిగారనుకుంటే అది 4,500. అది కట్టి ఊపిరి పీల్చుకుంటే అసలులో తగ్గింది ఎనిమిది వందలు కూడా లేదు.

నెలకు 6,000 చొప్పున కడితే ఈ అప్పు తీరడానికి రమారమి రెండేళ్లు పడుతుంది, వడ్డీ 53,000 దాకా పోతుంది. అదే 10,000 కడితే ఏడాది లోపే తీరుతుంది, వడ్డీ 25,000 చుట్టూ ఆగుతుంది. 15,000 కట్టగలిగితే ఏడు నెలలు. ఆరు వేలకూ పదివేలకూ మధ్య తేడా నాలుగు వేలు, రోజుకు 133 రూపాయలు. సగం కాలం, సగానికి పైగా వడ్డీ ఆ 133 మీద ఆధారపడి ఉన్నాయి. ఈ అంకెను మీ బాకీకి తగ్గట్టు మీరే వేసుకుని కాగితం పైభాగాన పెద్దగా రాసుకోండి. ఖర్చులు తగ్గించుకోవాలని ఊరికే అనుకోవడం కన్నా రోజుకు ఫలానా ఇంత అని తెలిస్తే మనసు మాట వింటుంది.

ఏ అప్పు ముందు తీర్చాలి? లెక్క ప్రకారం వడ్డీ ఎక్కువున్నదే. అన్నిటికీ కనీస మొత్తం కడుతూ, మిగిలినదంతా కార్డుకే. కానీ రూమ్మేట్ పదివేల వల్ల మీరు వంటింట్లోకి వెళ్లడానికి కూడా ఇబ్బంది పడుతుంటే ముందు అదే తీర్చేయండి. లెక్క తప్పుతుంది, ఫర్వాలేదు.

తర్వాత: చెయ్యి ఎక్కడ జారుతోందో పట్టుకోండి

గత మూడు నెలల కార్డు బిల్లులు, యూపీఐ లావాదేవీల జాబితా తీసి కూర్చోండి. అద్దె, కరెంటు, ఇంటికి పంపేది, బస్సు పాసు లాంటివి కొట్టేయండి. మిగిలినవాటి పక్కన ఏం కొన్నారన్నది రాయొద్దు. ఎన్ని గంటలకు కొన్నారు, అప్పుడు ఎక్కడున్నారు, మనసెలా ఉంది అన్నది రాయండి. ఆర్డర్ల చరిత్రలో టైమ్ ఉంటుంది కాబట్టి గుర్తు చేసుకోవడం కష్టం కాదు.

బెంగళూరు జీవితంలో కొన్ని గంటలు ప్రమాదకరమైనవి. ఔటర్ రింగ్ రోడ్డు మీద 500డి బస్సులో సిల్క్ బోర్డు దగ్గర ఇరుక్కుని, చేతిలో ఫోన్ తప్ప వేరే దిక్కులేని ముప్పావుగంట ఒకటి. జీతం పడిన మొదటి వారాంతం ఇంకొకటి. రాత్రి అమెరికా వాళ్లతో కాల్ అయిపోయాక, ఒళ్లు అలిసిపోయి బుర్ర మాత్రం మెలకువగా ఉన్న సమయం మూడోది. నిమిషాల్లో సరుకు తెచ్చే బ్లింకిట్, జెప్టో, ఇన్‌స్టామార్ట్ లాంటివి ఈ మూడో సమయంలోనే బాగా పనికొస్తాయి, మనకు కాదు, వాళ్లకు. పాల ప్యాకెట్ కోసం తెరుస్తాం. డెలివరీ చార్జీ తప్పించుకోవడానికి ఇంకో నూటయాభై రూపాయల సరుకు వేస్తాం. అలా వేసిన చాక్లెట్లూ చిప్సూ మన అవసరం జాబితాలో ఎప్పుడూ లేవు.

ఈ పని అయ్యాక మీకు రెండో మూడో సందర్భాలు బయటపడతాయి. అన్ని ఖర్చుల మీదా యుద్ధం ప్రకటించకండి. ఆ రెండు మూడింటినే పట్టుకోండి.

అసలు పని: డబ్బుకూ చేతికీ మధ్య అడ్డం పెట్టడం

మనసును గట్టిచేసుకోవాలన్న సలహా మీద నాకు పెద్దగా నమ్మకం లేదు. అలిసిపోయిన మనిషికి నిగ్రహం ఉండదు. మనం అలిసిపోయినప్పుడే యాప్‌లు నోటిఫికేషన్లు పంపుతాయి. కాబట్టి ఆదివారం ఉదయం, బుర్ర కుదురుగా ఉన్నప్పుడు, ఒక గంట కూర్చుని ఈ ఏర్పాట్లన్నీ చేసేయండి. తర్వాత నిగ్రహం అంతగా అవసరం పడదు.

అన్నిటికన్నా ముందు కార్డు. గత బిల్లు పూర్తిగా కట్టకుండా బాకీ మోస్తున్నప్పుడు, కొత్తగా కొన్నవాటికి ఆ నలభై యాభై రోజుల వడ్డీలేని గడువు ఉండదు. ఇవాళ కార్డుతో తాగిన కాఫీకి ఇవాళ్టి నుంచే వడ్డీ. ఈ సంగతి చాలామందికి తెలియదు, రివార్డు పాయింట్లు వస్తున్నాయని సంబరపడుతూ గీకుతూనే ఉంటారు. అందుకని బాకీ తీరేదాకా కార్డు వాడకం పూర్తిగా ఆపాలి. కార్డును కత్తిరించక్కర్లేదు. 2020 నుంచి రిజర్వ్ బ్యాంకు ఆదేశం ప్రకారం ప్రతి బ్యాంకూ తన యాప్‌లో ఆన్‌లైన్ లావాదేవీలను, ట్యాప్ చేసి కట్టే సదుపాయాన్ని, విదేశీ లావాదేవీలను విడివిడిగా ఆపుకునే మీటలు ఇస్తోంది. మూడూ ఆపేయండి. రూపే క్రెడిట్ కార్డు యూపీఐకి తగిలించి ఉంటే అదీ తీసేయండి. లేకపోతే కొబ్బరిబోండాల బండి దగ్గర కూడా అప్పు చేస్తారు.

షాపింగ్ సైట్లలో కార్డు సేవ్ అయి ఉంటుంది. 2022 అక్టోబర్ నుంచి సైట్లు అసలు కార్డు నంబరు దాచుకోవడానికి వీల్లేదు, దానికి బదులు టోకెన్ అనే మారు నంబరు ఉంచుకుంటాయి. ఏ సైటు దగ్గర మీ టోకెన్ ఉందో బ్యాంకు యాప్‌లోనో, వెబ్‌సైట్‌లోనో చూసి తీసేయవచ్చు. తీసేస్తే మళ్లీ కొనాలన్నప్పుడు లేచి, పర్సు వెతికి, 16 అంకెలు కొట్టాలి. సగం కోరికలు మంచం దిగడానికి బద్ధకించి చచ్చిపోతాయి.

ఇక యూపీఐ. జీతం పడే ఖాతాను యూపీఐ యాప్‌ల నుంచి పూర్తిగా విడదీయండి. ఇంకో బ్యాంకులో, కనీస నిల్వ పెట్టక్కర్లేని ఖాతా ఒకటి ఖర్చులకోసం ఉంచుకోండి. ఎస్బీఐ సేవింగ్స్ ఖాతాలకు ఆ నిబంధన 2020లోనే ఎత్తేసింది. యూపీఐ ఆ రెండో ఖాతాకే ఉండాలి. జీతం ఖాతా నుంచి ప్రతి సోమవారం ఒక మొత్తం దానంతటదే ఈ ఖాతాకు వచ్చేలా స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ పెట్టండి. వారానికి 2,500 అనుకుంటే 2,500. గురువారానికి అయిపోతే సోమవారం దాకా పీజీ హాస్టల్ అన్నమే. నెల మొత్తానికి ఒకేసారి వేస్తే పదో తారీఖుకు ఖాళీ అవుతుంది, వారం వారం వేసుకుంటే డబ్బు అయిపోయినా బాధ చిన్నదే.

యూపీఐ లైట్ గురించి నా అభిప్రాయం వేరు. పిన్ లేకుండా చిన్న మొత్తాలు టకటకా కట్టేయవచ్చని అందరూ మెచ్చుకుంటారు. దాంట్లో 5,000 దాకా వేసుకోవచ్చు, ఒక్కో లావాదేవీ వెయ్యి దాకా. చెయ్యి నిలవని మనిషికి అది మంచిది కాదు. పిన్ కొట్టడానికి పట్టే ఆ నాలుగు సెకన్లు ఆలోచనకు మిగిలిన చివరి చోటు. లైట్‌లో ఉన్నది ఖాతాలోకి వెనక్కి వేసుకుని దాన్ని ఆపేయండి. వేలిముద్రతో చెల్లించే ఏర్పాటు ఉన్నా ఆపేయండి.

అదే యాప్‌లో, నెలనెలా డబ్బు దానంతటదే పోయే ఆటోపే అన్న చోట ఒకసారి చూడండి. ఎప్పుడో ఉచిత ట్రయల్ కోసం తీసుకున్న ఓటీటీ, జిమ్ యాప్, క్లౌడ్ స్టోరేజ్, భాష నేర్పే యాప్ అన్నీ అక్కడ కనబడతాయి. రద్దు చేయడం రెండు నొక్కుళ్ల పని. డబ్బు తీసుకునే ముందు 24 గంటల నోటీసు ఇవ్వాలన్న నిబంధన ఉంది, ఆ మెసేజ్‌లు వస్తూనే ఉంటాయి. మనమే చూడం.

నోటిఫికేషన్లు ఆపడం గురించి వేరే చెప్పక్కర్లేదు. 1909కి START 0 అని ఎస్ఎంఎస్ పంపితే టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల కింద ప్రచార మెసేజ్‌లు, కాల్స్ కూడా ఆగాలి. లోన్ ఇస్తామంటూ వచ్చే ఫోన్లు తగ్గడమే పెద్ద ఉపకారం. కార్డు లిమిట్ పెంచుతామని ఎవరైనా ఫోన్ చేస్తే వద్దని చెప్పండి. మీ అంగీకారం లేకుండా లిమిట్ పెంచడానికి బ్యాంకుకు వీల్లేదు.

నగదు వాడమని కొందరు చెప్తారు. కూరగాయలకూ టీకీ బాగానే పనిచేస్తుంది. వారానికోసారి సొంత బ్యాంకు ఏటీఎంలో తీసుకుంటే నెలకు ఐదు ఉచిత లావాదేవీల్లో సరిపోతుంది. హాప్‌కామ్స్ కూరగాయల కొట్టులోనో, మడివాళ మార్కెట్లోనో ఐదొందల నోటు మార్చి కొంటుంటే బేరం ఆడబుద్ధేస్తుంది, ఫోన్‌తో కడితే వేయదు. ఆఫీసు క్యాంటీన్లలో నగదు తీసుకోనిచోట మాత్రం దీన్ని పట్టుకుని వేలాడొద్దు.

తిండి సంగతి విడిగా

బెంగళూరులో మన వాళ్ల ఖర్చు జాబితాలు చూస్తే బట్టలకన్నా, గాడ్జెట్లకన్నా తిండి ఆర్డర్లే ముందు నిలబడతాయి. పీజీకి కట్టిన డబ్బుల్లో పొద్దున టిఫిను, రాత్రి భోజనం ఉన్నా కూడా. కారణం తెలిసిందే: సాంబారు తియ్యగా ఉంటుంది, కూర చప్పగా ఉంటుంది, తొమ్మిదిన్నర దాటితే గిన్నె అడుగున ఉన్నదే దొరుకుతుంది. అప్పుడు 250 రూపాయల బిర్యానీ కనబడుతుంది. ప్యాకింగ్, డెలివరీ, ప్లాట్‌ఫామ్ ఫీజు, పన్ను కలిపేసరికి 350. రోజుకు 133 మిగల్చాలనుకున్న మనిషికి రెండున్నర రోజుల లెక్క ఒక్క రాత్రిలో పోయింది.

దీనికి మందు ఇంటి నుంచే రావాలి. ఊరెళ్లినప్పుడు ఆవకాయ, గోంగూర పచ్చడి, కందిపొడి, కరివేపాకు పొడి, చిన్న డబ్బా నెయ్యి తెచ్చుకోండి. పీజీ అన్నం వేడిగా ఉంటే కందిపొడి, నెయ్యి చాలు. ఒక ఎలక్ట్రిక్ కుక్కర్ పెట్టుకోనిచ్చే పీజీ అయితే కోడిగుడ్లు ఉడకబెట్టుకోవచ్చు. ఆలస్యంగా వచ్చే రోజుల్లో మీ వంతు తీసి పెట్టమని వంటమనిషిని అడగండి. మారతహళ్లి, కుందలహళ్లి వైపు పీజీల్లో చాలాచోట్ల వంట చేసేది మనవాళ్లే. ‘అన్నా, పదింటికొస్తా, కొంచెం పప్పు తీసిపెట్టు’ అంటే కాదనరు. బయట తినాలనిపిస్తే దర్శిని అనే చిన్న టిఫిన్ హోటల్‌కు వెళ్లండి. నిలబడి ఇడ్లీ వడ తిని, ఫిల్టర్ కాఫీ తాగి, వందలోపు బయటపడొచ్చు. ఈ ఊరు ఇచ్చిన గొప్ప సౌకర్యాల్లో అదొకటి, దాన్ని వదిలి రెండొందల యాభై పెట్టి కేఫ్‌లో చల్లారిన కాఫీ తాగడం ఎందుకో నాకర్థం కాదు.

తిండితో పాటే ఊరి ప్రయాణం. సంక్రాంతికి వారం ముందు గుర్తొచ్చి, ప్రైవేట్ బస్సుకు మామూలు రేటుకు రెట్టింపు పెట్టడం కూడా తొందర ఖర్చే. రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుచుకుంటుంది. పండుగ తేదీ నుంచి వెనక్కి లెక్కేసి ఆ రోజుకు అలారం పెట్టుకోండి. శేషాద్రి, ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌లలో స్లీపర్ బెర్త్ దొరికితే మిగిలినదంతా కార్డుకు పోతుంది.

మిగిల్చిన డబ్బు అప్పటికప్పుడే కార్డుకు చేరాలి

ఇది వదిలేస్తే పైన చెప్పినవన్నీ వృథా. రాత్రి బిర్యానీ మానేసి 350 మిగిల్చారు. ఆ 350 ఖాతాలోనే ఉంది. శనివారం ఫీనిక్స్ మాల్‌లో ఈ వారం నేను బాగా ఆదా చేశాను అన్న ధైర్యంతో 1,200 చొక్కా కొన్నారు. ఇలా నెలంతా కష్టపడి మానుకున్నవన్నీ ఒక్క మధ్యాహ్నం తినేస్తుంది. నెలాఖరున చూస్తే ఏమీ మిగల్లేదు, మానుకున్న బాధ మాత్రం మిగిలింది. చాలామంది రెండో నెలలో వదిలేసేది ఇందుకే.

కాబట్టి నియమం ఒకటే: ఏదైనా మానుకున్న నిమిషంలోనే, ఆ మొత్తాన్ని కార్డు బాకీకి కట్టేయండి. కార్డు బిల్లు నెలకు ఒక్కసారే కట్టాలని ఎక్కడా లేదు, ఎన్నిసార్లయినా కట్టవచ్చు. 350 అయినా తీసుకుంటారు. మోస్తున్న బాకీ మీద వడ్డీ రోజువారీ లెక్కన పడుతుంది కాబట్టి, ఇవాళ కట్టిన 350 మీద ఇవాళ్టి నుంచే వడ్డీ ఆగిపోతుంది. బ్యాంకు సొంత యాప్ నుంచి కట్టండి, కొన్ని యాప్‌లు బిల్లు కట్టినందుకు విడిగా ఫీజు తీసుకుంటున్నాయి. కార్టులో వస్తువు వేసి తీసేసినప్పుడు కలిగే వెలితికి ఇది కొంత మందు కూడా. కొనాలన్న తహతహకు ఏదో ఒక బటన్ నొక్కాలి. ఈ బటన్ నొక్కితే బాకీ అంకె తగ్గి కనబడుతుంది.

ఒక్క జాగ్రత్త. బిల్లు తయారయ్యాక గడువులోపు కట్టాల్సిన కనీస మొత్తం దానికదే. అంతకుముందు కట్టిన చిల్లర బాకీని తగ్గిస్తుంది కానీ కొత్త బిల్లు కనీస మొత్తంలో జమ కాదు. దాన్ని ఆటోమేటిక్‌గా పోయేలా పెట్టేయండి. గడువు దాటిన మూడు రోజులకు మించితేనే ఆలస్య రుసుము వేయాలన్న నిబంధన ఉంది కానీ దాని మీద ఆధారపడొద్దు.

పెద్ద వస్తువులు, సేల్, నో కాస్ట్ ఈఎంఐ

వెయ్యి దాటిన ఏ వస్తువునైనా రెండు రోజులు ఆపి కొనాలన్న పద్ధతి అందరికీ తెలిసిందే. దానికి ఒక చిన్న చేర్పు చేయండి. వస్తువు పేరు, ధర రాసుకున్నప్పుడు పక్కనే దాని వడ్డీ ధర కూడా రాయండి. 7,500 ఇయర్‌ఫోన్స్ సేల్‌లో 6,000కి వచ్చాయి. ఆ 6,000 కార్డుకు కట్టకుండా ఇయర్‌ఫోన్స్‌కు పెట్టారంటే నెలకు 248 రూపాయల వడ్డీ మోస్తున్నట్టు. ఆరు నెలల్లో ఆ 1,500 తగ్గింపు హరించుకుపోతుంది. ఏడాదయ్యేసరికి మీ ఇయర్‌ఫోన్స్ ధర 9,000. డెబిట్ కార్డుతో కొన్నా, యూపీఐతో కొన్నా లెక్క ఇదే, ఎందుకంటే ఆ డబ్బు కార్డుకు వెళ్లగలిగేది.

వడ్డీ లేని వాయిదాలంటూ ఇచ్చే నో కాస్ట్ ఈఎంఐలో బ్యాంకు వడ్డీ తీసుకుంటూనే ఉంటుంది. ఆ వడ్డీ మేరకు అమ్మేవాడు ధరలో తగ్గింపు చూపిస్తాడు. వడ్డీ మీద పడే జీఎస్టీ, చాలాసార్లు ప్రాసెసింగ్ ఫీజు మీవే. అదీ పక్కన పెట్టినా, నెలకు 999 మాత్రమే అన్న మాటలు మూడు నాలుగు కూడితే జీతంలో నాలుగు వేలు ఏడాది పాటు ముందే అమ్ముడుపోయినట్టు. బాకీ ఉన్నంతకాలం ఈఎంఐ వద్దే వద్దు.

‘ఇంకా రెండే మిగిలాయి’, ‘ఈ ధర పది నిమిషాలే’, ‘ఇప్పుడు ఇంతమంది చూస్తున్నారు’ లాంటివి తెర మీద కనబడితే అవి నిజం కాకపోవచ్చు. లేని తొందర పుట్టించడం, మీరు వేయని వస్తువు కార్టులో చేర్చడం, చివర్లో చార్జీలు బయటపెట్టడం లాంటి 13 ఎత్తుగడలను కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023 నవంబర్‌లో డార్క్ ప్యాటర్న్స్ పేరుతో నిషేధించింది. నిషేధించినా కనబడుతూనే ఉంటాయి. కనబడితే ఆ పేజీ మూసేయడానికి అదే మంచి సాకు.

అప్పు మార్చుకోవడం గురించి కూడా ఇక్కడే చెప్పాలి. నాలుగు రూపాయల కార్డు అప్పును రూపాయి పావలా పర్సనల్ లోన్‌తోనో, రూపాయి చుట్టూ ఉండే బ్యాంకు బంగారు రుణంతోనో తీర్చేస్తే వడ్డీ బాగా తగ్గుతుంది. లెక్క నిజమే. కానీ కార్డు ఖాళీ అయిందని మళ్లీ గీకితే రెండు అప్పులవుతాయి, పైగా అమ్మ గాజులు బ్యాంకులో ఉంటాయి. పైన చెప్పిన ఏర్పాట్లతో మూడు నెలలు కార్డు ముట్టకుండా గడిపాక మార్చండి, ముందు కాదు. ఫోన్‌లో ఐదు నిమిషాల్లో అప్పిచ్చే యాప్‌ల జోలికి అస్సలు పోవద్దు.

మనుషులతో ఎలా చెప్పాలి

కష్టమైన భాగం ఇదే. శుక్రవారం సాయంత్రం ఇందిరానగర్ వెళ్దామంటారు. బిల్లు సమానంగా పంచుతారు, మీరు తిన్నది సూప్ మాత్రమే అయినా. సాకులు చెప్తే ప్రతి వారం కొత్త సాకు వెతకాలి. ఒక్కసారి నిజం చెప్పేయండి: ‘కార్డు అప్పు ఉందిరా, ఉగాది లోపు తీర్చేయాలి. అప్పటిదాకా బయట పార్టీలకు రాను. ఆదివారం కబ్బన్ పార్కుకైతే చెప్పు, వస్తా.’ విన్నవాళ్లలో ఒకరిద్దరు తర్వాత పక్కకు పిలిచి తమకూ ఉందని చెప్తారు, చూడండి.

ఇంటి విషయం ఇంకొంచెం నాజూకు. బెంగళూరులో ఉద్యోగం అంటే ఊళ్లో వాళ్ల దృష్టిలో డబ్బు చెట్టు. చిన్నాన్న కూతురి ఓణీల ఫంక్షన్‌కు మంచి చీర, అక్షయ తృతీయకు గ్రాము బంగారం, తమ్ముడికి ఫోన్. వద్దనలేని పెళ్లిళ్లు, ఫంక్షన్లకు నెలకు కొంత పక్కన పెట్టి, అంతలోనే సరిపెట్టండి. అమ్మతోనో నాన్నతోనో ఎవరో ఒకరితో అప్పు సంగతి చెప్పడం మంచిది. ఊరి వడ్డీ లెక్కలో చెప్తే వాళ్లకు వెంటనే అర్థమవుతుంది. మొదట తిడతారు, తర్వాత గ్రాము బంగారం మాట వాళ్లే మానేస్తారు. పెళ్లయినవాళ్లు భార్యకో భర్తకో తెలియకుండా ఇది చేయాలని చూడొద్దు, కుదరదు.

సరదాకు మాత్రం సున్నా పెట్టుకోకండి. నెలకు వెయ్యో, పదిహేను వందలో, లెక్క చెప్పక్కర్లేని డబ్బు ఉంచుకోండి. పూర్తిగా బిగిస్తే ఒకరోజు పదివేలతో బద్దలవుతుంది.

జారిపోతే

జారుతారు. ఆ రాత్రే కొత్త కఠిన నియమాలు పెట్టుకోవద్దు. ముందు ఆర్డర్ రద్దు చేయడం కుదురుతుందేమో చూడండి, వచ్చేసినదైతే రిటర్న్ గడువు చూసి మర్నాడే వెనక్కి పంపండి, ట్యాగులు కోయకండి. తర్వాత ఏ అడ్డం దాటి డబ్బు బయటకు వెళ్లిందో చూసి ఆ ఒక్కటీ మళ్లీ పెట్టండి. అంతకుమించి అక్కర్లేదు.

కొన్ని సందర్భాల్లో మాత్రం ఇది అలవాటు సమస్య కాదు. నిద్ర లేకపోయినా హుషారుగా ఉంటూ వరసగా పెద్ద పెద్ద కొనుగోళ్లు చేయడం, కొన్నవి ప్యాకెట్ విప్పకుండా దాచడం, ఆపలేకపోతున్నానని ఏడవడం లాంటివి ఉంటే డాక్టరును కలవాలి. బైపోలార్, ఏడీహెచ్‌డీ, డిప్రెషన్ లాంటి మానసిక సమస్యల్లో డబ్బు చేతిలో నిలవకపోవడం ఒక లక్షణంగా కనబడవచ్చు. హోసూరు రోడ్డు మీద నిమ్హాన్స్ మానసిక ఆరోగ్య ఆసుపత్రి ఉంది, ఆ సంస్థ ఆధ్వర్యంలో ఫోన్, ఇంటర్నెట్ వాడకం అదుపు తప్పినవాళ్ల కోసం షట్ క్లినిక్ 2014 నుంచి నడుస్తోంది. మానసిక సమస్యలకు సాయం చేసే టెలి మానస్ నంబరు 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడవచ్చు, డబ్బు కట్టక్కర్లేదు.

వాయిదాలు తప్పి రికవరీ వాళ్లు ఫోన్లు చేస్తుంటే, ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత వాళ్లు ఫోన్ చేయకూడదని తెలుసుకోండి. బెదిరిస్తే, ఇంట్లోవాళ్లకు ఫోన్ చేస్తే ముందు బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి, 30 రోజుల్లో సమాధానం రాకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లవచ్చు. వివరాలకు 14448.

బాకీ సున్నా అయిన నెల

బిల్లు మొత్తం కట్టేసిన మరుసటి నెల మళ్లీ కొన్ని వందలు వడ్డీ కనబడుతుంది. బ్యాంకు మోసం కాదు. బిల్లు తయారైన రోజుకూ మీరు కట్టిన రోజుకూ మధ్య కాలానికి పడిన వడ్డీ అది. అదీ కట్టేసి, ఆ తర్వాతి బిల్లు సున్నా వచ్చేదాకా కార్డు మీటలు ఆన్ చేయకండి.

రెండు మూడు కార్డులుంటే ఒకటి ఉంచుకుని మిగిలినవి మూసేయండి. మూసేయమని అడిగినప్పుడు బాకీ ఏమీ లేకపోతే బ్యాంకు ఏడు పనిదినాల్లో మూయాలి. ఆలస్యం చేస్తే రోజుకు 500 రూపాయల చొప్పున మీకు చెల్లించాలి. ఫోన్‌లో అడిగితే ఆఫర్లు చెప్పి వెనక్కి తిప్పే ప్రయత్నం చేస్తారు కాబట్టి ఈమెయిల్ పంపి, ఆ తేదీ రాసిపెట్టుకోండి. ఉంచుకున్న కార్డు లిమిట్‌ను మీ ఒక నెల జీతంలో సగానికి తగ్గించమని అదే ఈమెయిల్‌లో అడగండి. నెలనెలా కార్డుకు వెళ్తున్న ఆ పదివేలకు, జీతం పడిన మర్నాడే రికరింగ్ డిపాజిట్‌కు వెళ్లేలా ఆ వారంలోనే దారి మార్చండి. నెల ఆగారంటే అప్పటికే వేరే దారి పట్టి ఉంటుంది.